214 కోట్ల సంఖ్యను ఆయిలర్ పట్టిన తీరు

తమ్ముడు: అక్కా, ఈ వారం సంఖ్య ఏది?

అక్క: 2147483647. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647.

తమ్ముడు: ఇది ప్రోగ్రాములు రాసే మాకు రోజూ తగిలేదే! 32 బిట్ల, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గడుల, ఇంటీజర్ (పూర్ణసంఖ్య) హద్దు. ఒక బిట్ ప్లస్సా మైనస్సా అన్నదానికి పోతే, మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య. పాత సిస్టమ్‌లలో 1970 జనవరి 1 నుంచి పెట్టే సెకన్ల లెక్క కూడా 2038 జనవరి 19న దీని దగ్గరే నిండిపోతుంది. మనకప్పుడు ఉదయం 8:44.

అక్క: నాకు ఇష్టం అందుకు కాదురా. రెండు ఘాతం 31లోంచి ఒకటి తీసేస్తే వచ్చే ఈ సంఖ్య ప్రధాన సంఖ్య.

తమ్ముడు: ఇలా రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే మెర్సెన్ ప్రధాన సంఖ్య అన్నమాట.

అక్క: ఎనిమిదోది. ఘాతం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన సరిపోదు. 31 బదులు 11 వేసి చూడు, 2047 వస్తుంది. అది 23 ఇంటూ 89. మరి 31 సంగతి? 1772లో గణితవేత్త ఆయిలర్ అది ప్రధాన సంఖ్యేనని తేల్చాడు. అప్పటికి ఆయనకు 65 ఏళ్లు, చూపు దాదాపు పోయింది.

తమ్ముడు: చూపు లేకుండా ఇంత భాగహారమా?

అక్క: అదే తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. దీని వర్గమూలం 46340 చిల్లర. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలు దాదాపు 4,800. ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతే ఎప్పటికి తెమలాలి? ఆయన ముందు జల్లెడ పట్టాడు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి.

తమ్ముడు: 248 ఎక్కడిది?

అక్క: 31 ఇంటూ 8. ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే 31తో భాగింపబడాలి, ఫెర్మా అనే గణితవేత్త సూత్రం నుంచి వస్తుందది. ఎనిమిదితో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ ఉండాలి. రెండూ కలిపితే 248. ఇక 372కి మించి భాగహారాలు అక్కర్లేదు. మొదట తగిలేది 311. దాంతో భాగిస్తే 35 మిగిలింది. తర్వాతది ఏకంగా 1303! మధ్యలో ఉన్న దాదాపు 150 ప్రధాన సంఖ్యలను ముట్టుకోనే అక్కర్లేదు.

తమ్ముడు: అబ్బ!

అక్క: ఆ తర్వాత 95 ఏళ్లు, 1867 దాకా, మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే. దీన్ని రెండు ఘాతం 30తో గుణిస్తే 19 అంకెల పరిపూర్ణ సంఖ్య కూడా వస్తుంది, అంటే తనను తప్ప తన మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్య.

తమ్ముడు: ఉండక్కా, కాగితం తీశాను. 1303 నేను చేస్తా... 16 లక్షల 48 వేల 107 సార్లు పోయింది. శేషం 226.