మానేసిన పిల్లల లెక్క

(ఆగస్టు 29న బెంగళూరులో చిన్న క్రీడా సంఘాల కార్యవర్గ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా ముందే కప్పేశారు కాబట్టి నేనేం మాట్లాడినా ఇక వెనక్కి తీసుకోలేరు.

ఇవాళ ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, అందుకే జాతీయ క్రీడా దినోత్సవం. మన తెలుగువాళ్ళకి ఇంకొకటి కూడా ఉంది. 1863లో ఇదే తేదీన గిడుగు రామమూర్తిగారు పుట్టారు. జనం మాట్లాడే భాష రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషి. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశమేమో 'క్రీడా సంఘాల వ్యూహాత్మక ప్రణాళికల సాఫల్య మూల్యాంకనం'. గిడుగువారి పుట్టినరోజున ఇలాంటి పేరు పెట్టకూడదండీ! నా మాటల్లో చెప్పుకుంటాను. మూడేళ్ల కిందట ఏదో చేస్తామని కాగితం మీద రాసుకున్నాం. చేశామో లేదో ఎలా తెలుస్తుంది?

మా క్రీడా సంఘానికి ఈ ప్లాన్ల గోల సీఎస్ఆర్ డబ్బుతో వచ్చింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి, సీఎస్ఆర్ అంటే అదే. ఆ పనుల జాబితాలో క్రీడా శిక్షణ ఉంది. అంతవరకు మా లెక్కలన్నీ ఒక డైరీలో సరిపోయేవి: బంతులు, నెట్టు, టోర్నమెంటుకి అరటిపళ్ళు. ఒక కంపెనీవాళ్ళు వచ్చి డబ్బిస్తాం, ప్లానేది అన్నారు. కూర్చుని రాశాం. అందులో 22 సూచికలు, అంటే పని జరిగిందో లేదో చూసుకునే లెక్కలు.

మొదటి ఏడాది లక్ష్యం 150 మంది పిల్లలు. గ్రౌండుకి వచ్చేది 70 మంది. అప్పుడు కార్యదర్శిని నేనే. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కబడ్డీ రిజిస్టరు, ఖోఖో రిజిస్టరు, బాల్ బ్యాడ్మింటన్ రిజిస్టరు మూడూ కూడేశాను. మూడాటలూ ఆడే పిల్ల ముగ్గురు పిల్లలైంది. 150 దాటేశాం. కంపెనీవాళ్ళు చప్పట్లు కొట్టి, మరుసటి ఏడాది లక్ష్యం 250 చేశారు.

చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లోనే ఈ జబ్బు కనిపెట్టాడు. ఒక అంకెను చూసి అదుపు చేయబోతే, ఆ అంకెను ఇక నమ్మలేమని. ఆయన చెప్పింది డబ్బు చలామణీ గురించి. నాకు నా రిజిస్టర్ల వల్ల అర్థమైంది.

బాల్ బ్యాడ్మింటన్ అనగానే వెనక కుర్రవాళ్ళు షటిల్ అనుకుంటున్నట్టున్నారు. కాదు నాయనా. పసుపుపచ్చ ఉన్ని బంతి, వైపుకి ఐదుగురు, ఆరుబయట ఆట. చినుకు పడితే ఉన్ని నీళ్ళు తాగి బంతి బరువెక్కుతుంది, ఆట ఆపాల్సిందే. అనంతపురం జిల్లాలో మా ఊరి స్కూల్లో తడిసిన బంతి ఆరబెట్టే డ్యూటీ నాది. ఒకసారి దాన్ని కాకి ఎత్తుకుపోయింది. మా అయ్యవారు బంతి కోసం కాకిని, కాకి కోసం నన్ను... సరే, అది వేరే కథ. టైము లేదు.

మా సంఘం బాల్ బ్యాడ్మింటన్ జట్టులో సెంటర్ ఆడే పిల్ల ఒకతె ఉండేది. ఎనిమిదో తరగతి. కర్నూలు వైపు నుంచి బిల్డింగు పనులకి వచ్చిన కుటుంబం. ఆ పిల్ల సర్వీసు తీసుకోవడానికి మగపిల్లలే వెనకాడేవాళ్ళు. రెండో ఏడు మధ్యలో రావడం మానేసింది. మా లెక్కలో ఏమీ తగ్గలేదు, రిజిస్టరులో పేరు అలాగే ఉంది మరి! ఆ మూడు నెలల రిపోర్టులో 'బాలికలు 40 శాతం, లక్ష్యం సాధించాం' అని నా చేత్తోనే రాశాను.

నాలుగు నెలలకి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ కుర్చీ వేసింది. "మీరే చెప్పండి సార్, బాత్రూము లేని చోట వయసుకొచ్చిన పిల్ల మూడు గంటలు ఎట్లుంటాది? నీళ్లు కూడా తాగకుండా ఆడుతుండె" అంది.

22 సూచికలండీ. ఫేస్‌బుక్ ఫాలోయర్లకి ఒకటుంది. బాత్రూముకి లేదు. కమిటీలో పదకొండుమందిమీ మగవాళ్ళమే, ఎవరికి తడుతుంది?

ఒక్క మాట అడుగుతాను. మీలో కార్యదర్శులు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఈ ఏడాది ఎంతమంది చేరారో తెలిసినవాళ్ళు ఎత్తే ఉంచండి. బాగుంది. ఎంతమంది మానేశారో, ఎందుకో తెలిసినవాళ్ళు? ...దించేశారు. నా చెయ్యి కూడా అప్పట్లో కిందే ఉండేది.

1992లో కప్లాన్, నార్టన్ అనే అమెరికావాళ్ళు బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్ అని ఒక పద్ధతి రాశారు. డబ్బొక్కటే చూడకండి, వినియోగదారులు, లోపలి పనితీరు, కొత్తగా నేర్చుకోవడం కూడా చూడండి అన్నారు. మంచి మాటే. కానీ మన దగ్గర ఆ నాలుగు గళ్ళు నింపేవాడు, కోచింగ్ ఇచ్చేవాడు, నెట్టు కట్టేవాడు ఒకడే. వాడికి జ్వరమొస్తే గ్రౌండు తెరుస్తామా? నన్నడిగితే అదే పెద్ద సూచిక.

ఇప్పుడు మేం చేసేది చాలా చిన్న పని. ఉగాది రోజున పేర్లు రాసుకుంటాం. మళ్ళీ ఉగాదికి వాళ్ళలో ఎవరున్నారో చూస్తాం. లేనివాళ్ళ పేరు పక్కన కారణం, ఒక్క ముక్క. టెన్త్ పరీక్షలు, ఇల్లు మారారు, కోచ్ అరిచాడు. ఇల్లు మారితే మన తప్పు కాదు, కోచ్ అరిస్తే మనదే. ఈ తేడా కప్పుల్ని చూస్తే తెలియదు. మా అల్మారాలో బయటి ఆటగాళ్ళని తెచ్చుకుని గెలిచిన కప్పు కూడా ఉంది, ఏదో చెప్పను. ఇంకో విషయం, ప్లాను మొదలుపెట్టిన రోజు లెక్క రాసి ఉంచుకోండి. ఖాళీ డబ్బా ఎంతో తూచుకోకపోతే నెయ్యి ఎంతో చెప్పలేం. మేం తూచుకోలేదు.

బాత్రూము సంగతి అడుగుతారేమో. పక్క స్కూలువాళ్ళని బతిమాలితే సాయంత్రాలు తాళం ఇస్తున్నారు. మాకయ్యే ఖర్చు ఫినాయిలు, చీపుళ్ళు. కంపెనీ డబ్బు అక్కర్లేకపోయింది. ఆ పిల్ల మాత్రం తిరిగి రాలేదు. తాళం దొరికేసరికి ఆ బిల్డింగు పని అయిపోయి వాళ్ళు వేరే చోటికి వెళ్ళిపోయారు.

గంట కొట్టకండి అధ్యక్షా, అయిపోయింది. టీ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టించాను. మీ దగ్గర మానేసిన ఒక్క పిల్ల గురించి రాసి వెళ్ళండి. పేరొద్దు, ఏ తరగతి, ఏ ఆట, ఎందుకు. కారణం తెలియకపోతే తెలియదనే రాయండి. మొదటి పేజీలో నాది రాశాను. పదండి, బజ్జీలు చల్లారిపోతాయి.