ఏప్రిల్ మంచు మీద స్కీ బైక్

నమస్కారమండీ. స్కీయింగ్ సంగతి మీలో చాలామందికి తెలుసు, కనీసం సినిమా పాటల్లో అయినా చూసుంటారు. నేను ఇవాళ చెప్పేది స్కీ బైక్ గురించి. చూడ్డానికి సైకిలే, కాకపోతే చక్రాల చోట రెండు స్కీలుంటాయి, పెడల్ ఉండదు, చైన్ ఉండదు, బ్రేక్ కూడా ఉండదు. మళ్లీ చెప్తున్నా, బ్రేక్ ఉండదు. ఇదేదో నిన్నమొన్న వచ్చిన సరదా కూడా కాదు, స్విట్జర్లాండ్‌లో గ్రిండెల్‌వాల్డ్ అనే ఊళ్లో 1911లోనే చెక్కతో వెలోగెమెల్ అని ఒకటి చేశారు, అదీ ఇదే బాపతు.

మేం అమెరికాలో, కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో ఉంటాం. మా ఫ్రెండ్‌కి మోకాలు ఆపరేషన్ అయింది, స్కీయింగ్ మానలేడు, చేస్తే నొప్పి. స్కీ బైక్ మీదైతే బరువు చాలావరకు సీటు మీద పడుతుంది కాబట్టి మోకాలికి కాస్త ఊరట. అందుకని సీజన్ చివర్లో ఇద్దరం పర్గటరీ అనే స్కీ రిసార్ట్‌కి బయల్దేరాం, కొలరాడోలోనే, డురాంగో నుంచి హైవే 550 మీద ఉత్తరంగా వెళ్తే వస్తుంది. స్కీ బైక్‌ని అన్ని కొండల మీదికీ రానివ్వరండీ, అక్కడ రానిస్తారు, అద్దెకి కూడా ఇస్తారు. కొండ పైభాగం 10,822 అడుగులు, నాలుగు అడుగులేస్తే ఆయాసం.

కొండ మీదికి తీసుకెళ్లే లిఫ్ట్ తెరవకముందే నేను హెల్మెట్ పెట్టుకుని రెడీ. మావాడేమో కాఫీ ఊదుకుంటూ "ఎక్కడికి మామా, ఇప్పుడంతా ఐసు, ఎండ రానీ, కూర్చో" అన్నాడు. వాడి మాటే నిజం. ఏప్రిల్‌లో పగలు మంచు కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది, రోజూ ఇదే పని, అలా అయ్యీ అయ్యీ మంచు కల్లుప్పులా గింజకడుతుంది. ఆ గింజ మీద పైన ఒక్క అంగుళం మెత్తబడిన టైమ్ ఉంది చూశారూ, దానికోసమే అంతదూరం పోయేది.

ఆ టైమ్ ఎప్పుడొచ్చిందో చెవికి తెలిసిపోతుంది, రేడియోలో చెప్పడానికి ఇంతకంటే మంచి సంగతి లేదు. పదింటికి పైనుంచి బయల్దేరాం. చెట్ల నీడలో ఉన్నంతసేపు స్కీ కింద కరకరకర, హ్యాండిల్ అదిరిపోతోంది, నా వేళ్లు వాటంతటవే బ్రేక్ కోసం వెతుకుతున్నాయి, లేని బ్రేక్ కోసం! ఆపాలంటే హ్యాండిల్‌ని కొండ పైవైపు తిప్పి వెనక స్కీని అడ్డంగా జారనివ్వాలి, కాళ్లకి కట్టుకున్న పొట్టి స్కీలు ఆసరా. మలుపు తిరిగి ఎండలోకి వచ్చామో లేదో ఆ కరకర ఆగిపోయి సుయ్యిమని ఒకటే మెత్తటి శబ్దం. అబ్బ, అదీ! ఎటు వంగితే అటు తిరుగుతుంది బైకు. స్కీల మీదున్న కుర్రాళ్లు మమ్మల్ని చూసి నవ్వారు, నవ్వనీండి, మోకాళ్లు వాళ్లకీ ఉన్నాయిగా.

అక్కడ ఇంకోటి కూడా ఉంది, దుమ్ము. వసంతంలో ఎడారి వైపు నుంచి గాలికి ఎర్రదుమ్ము వచ్చి ఆ కొండల మంచు మీద పడుతుంది. రంగు ముదిరితే ఎండని ఎక్కువ పీలుస్తుంది, తొందరగా కరుగుతుంది. ఆ గోధుమరంగు చారల మీద స్కీ టక్కున పట్టేస్తుంది, మావాడు ఒకచోట హ్యాండిల్ మీదికి తూలిపోయాడు కూడా. చార కనబడగానే బరువు వెనక్కి వేయండి.

మీరెవరైనా వెళ్తే నేను చెప్పేది ఒక్కటే, గడియారం కాదు, ఎండని చూసుకోండి. ముందు తూర్పు వాలు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, ఆ తర్వాత పడమర. కరకర అంటే ఇంకా టైముంది. సుయ్యిమంటే అదే టైము. ఏ శబ్దమూ లేకుండా స్కీ అతుక్కుంటోందంటే ఆ వాలు ఇక అయిపోయినట్టే, పక్క వాలుకి మారండి, అదీ లేకపోతే దిగిపోండి. బైక్‌కీ మీకూ మధ్య పట్టీ మాత్రం లిఫ్ట్ మీద కూడా విప్పొద్దు, అది చేతిలోంచి జారితే కింద ఎవరి మీద పడుతుందో.

ఒంటిగంట దాటేసరికి మంచంతా జావ. మావాడు "ఇంకొక్కటి మామా" అన్నాడు, నేను వద్దన్నా, వినలేదు, పోయాడు. నేను బెంచీ మీద కూర్చుని చిప్స్ తింటూ చూస్తున్నా, చివరి వాలంతా బైకు దిగి తోసుకుంటూ వచ్చాడు, మోకాలు పట్టుకుని.