ఎస్‌క్యూఎల్ స్క్రిప్ట్‌తో సర్వర్ ఫైళ్ల పర్మిషన్లు: పోస్ట్‌గ్రెస్ కాపీ ప్రోగ్రామ్ రివ్యూ

అందరికీ నమస్కారం. సర్వర్ ఎక్కడో ఉంటుంది. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మనకు ఇవ్వరు. చేతిలో ఉన్నది డేటాబేస్ కనెక్షన్ ఒక్కటే. అక్కడి ఫైళ్ల పర్మిషన్లను ఎస్‌క్యూఎల్ స్క్రిప్ట్‌తోనే మార్చుకోవచ్చా? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే కాపీ ప్రోగ్రామ్ అనే కమాండ్‌తో మార్చుకోవచ్చు. కొన్ని వారాలు వాడి చూశాక ఈ రివ్యూ చేస్తున్నాను.

నాకు ఈ అవసరం ఎలా వచ్చిందో ముందు చెప్తాను. ఇంతకుముందు పనిచేసిన చోట నెలాఖరున జీతాల టేబుల్‌ను సీఎస్‌వీగా తీసి సర్వర్‌లో పెట్టే స్క్రిప్ట్ నాదే. ఒకరోజు వేరే టీమ్ తమ్ముడొకడు వచ్చి, "అన్నా, ఆ ఫైల్ నాకు కూడా ఓపెన్ అవుతోంది, పర్లేదా?" అన్నాడు. గుండె ఆగినంత పనైంది.

ఎందుకలా అయిందో స్క్రీన్ మీద చూడండి. టేబుల్‌ను సర్వర్‌లో ఫైల్‌గా రాసే మామూలు కాపీ టు తో ఒక కొత్త ఫైల్ రాయించాను. పర్మిషన్ 644 వచ్చింది, అంటే ఓనర్ రాయొచ్చు, మిగతా అందరూ చదవొచ్చు. ఆ ఫోల్డర్ దాకా వెళ్లగలిగిన ఎవరైనా దాన్ని చదివేయొచ్చు. కొత్త ఫైళ్లకు ఏ పర్మిషన్లు తీసేయాలో చెప్పే సెట్టింగ్ యూమాస్క్. సర్వర్‌లో దాన్ని 077, అంటే ఓనర్‌కు తప్ప ఎవరికీ వద్దు అని పెట్టినా ఇంతే. ఫైల్ తెరిచే ముందు పోస్ట్‌గ్రెస్ తనే యూమాస్క్‌ను 022 చేసుకుంటుంది. ఈ సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు. ఇందులో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నయం, 8.0.17 వెర్షన్ నుంచి దాని ఇంటూ అవుట్‌ఫైల్ 640తో, అంటే బయటివాళ్లు చదవలేకుండా రాస్తోంది.

ఇక కాపీ ప్రోగ్రామ్. 2013లో 9.3 వెర్షన్‌తో వచ్చింది. మనం కోట్స్‌లో రాసిన కమాండ్‌ను సర్వర్ షెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్లు నడిచే చోట నడుపుతుంది, అదీ పోస్ట్‌గ్రెస్ సర్వర్ ఏ యూజర్ కింద నడుస్తోందో ఆ యూజర్ పేరుతో. కాబట్టి ఆ యూజర్ సొంత ఫైళ్ల మీదే, పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్ కమాండ్ పనిచేస్తుంది. వేరేవాళ్ల ఫైల్ మీద కొడితే ఫెయిలైందని ఎగ్జిట్ కోడ్ చూపిస్తుంది, అసలు కారణం మాత్రం సర్వర్ లాగ్‌లోకి పోతుంది. లాగిన్ లేని మనకు ఆ లాగ్ కనపడదు. ఇక్కడ నేను ఒక పూట పోగొట్టుకున్నాను.

నాకు బాగా నచ్చింది దీంతో చూడటం. కాపీ ఫ్రమ్ ప్రోగ్రామ్‌తో ఫైళ్ల జాబితా, పర్మిషన్లు చూపే ఎల్‌ఎస్ కమాండ్ అవుట్‌పుట్‌ను ఒక టెక్స్ట్ టేబుల్‌లోకి తెచ్చుకుని, అందరూ చదవగలిగే ఫైళ్లేవో ఒక్క సెలెక్ట్‌తో పట్టుకోవచ్చు. దీనికి ఫుల్ మార్కులు.

మార్చడం దగ్గరకొస్తే టెన్షనే. ముందు కాపీ టు, తర్వాత సీహెచ్‌మాడ్ అని రాశామనుకోండి. పెద్ద టేబుల్ అయితే ఎక్స్‌పోర్ట్‌కే పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలూ ఫైల్ అందరికీ తెరిచే ఉంటుంది. మార్పులను వెనక్కి తీసుకునే రోల్‌బ్యాక్ కొడితే పాత పర్మిషన్ తిరిగొస్తుందని కూడా అనుకోవద్దు, షెల్‌లో జరిగింది జరిగిపోయినట్టే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది రోల్, అంటే డేటాబేస్ యూజర్‌కు ఇచ్చే అధికారం. 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి కాపీ ప్రోగ్రామ్ నడపడానికి, అన్ని అధికారాలూ ఉన్న సూపర్‌యూజర్ కాకపోయినా, పీజీ ఎగ్జిక్యూట్ సర్వర్ ప్రోగ్రామ్ అనే రోల్ ఇస్తే చాలు. సీహెచ్‌మాడ్ కోసమే కదా అని ఇస్తాం. కానీ ఆ మనిషికి మొత్తం షెల్ ఇచ్చేసినట్టే. డేటాబేస్ ఫైళ్లుండే డేటా డైరెక్టరీ కూడా సర్వర్ నడిచే ఆ యూజర్‌దే. టెస్ట్ సర్వర్‌లో దాన్ని 755 చేసి రీస్టార్ట్ కొట్టాను, చూడండి, డేటాబేస్ లేవడం లేదు. 700 గానీ 750 గానీ ఉంటే తప్ప లేవనంటోంది.

మరి ఏం చేయాలి? అడ్మిన్‌ను ఒక్కసారి బతిమాలుకోండి. ఎక్స్‌పోర్ట్ ఫోల్డర్‌కు ఓనర్ పోస్ట్‌గ్రెస్, గ్రూప్ రిపోర్ట్ చూసేవాళ్లది, పర్మిషన్ 2750. ముందున్న ఆ 2 వల్ల కొత్త ఫైళ్లకు అదే గ్రూప్ వస్తుంది. ఫైల్ 644 అయినా బయటివాళ్లు ఫోల్డర్ గడప దాటలేరు. ఇక మామూలు కాపీ టు చాలు, సీహెచ్‌మాడ్ అవసరమే రాదు.

అడ్మిన్ ఒప్పుకోకపోతే, మీకు ఆ రోల్ ముందే ఉంటే, కాపీ టు ప్రోగ్రామ్‌లో యూమాస్క్ 027 పెట్టి, వచ్చిన డేటాను అలాగే రాసే క్యాట్ కమాండ్‌తో కొత్త ఫైల్‌లోకి రాయించండి. మొదటి క్షణం నుంచే 640 వస్తుంది. ఫైల్ పేరు మాత్రం స్క్రిప్ట్‌లో నేరుగా రాయండి, యూజర్ టైప్ చేసింది ఆ కమాండ్‌లోకి అస్సలు రానివ్వొద్దు.

అమెజాన్ నడిపే డేటాబేస్ సర్వీస్ ఆర్‌డీఎస్ వాడేవాళ్లకు ఇవేవీ పనిచేయవు. మీ మెషీన్‌లో నడిచే పోస్ట్‌గ్రెస్ టూల్ పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ కాపీ వాడితే ఫైల్ మీ మెషీన్‌లోనే, మీ యూమాస్క్‌తోనే తయారవుతుంది.

ఎల్‌ఎస్ టేబుల్ స్క్రిప్ట్ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ముందు టెస్ట్ సర్వర్‌లో నడిపి, మీ ఎక్స్‌పోర్ట్ ఫోల్డర్‌లో 644 ఫైళ్లు ఎన్ని వచ్చాయో కామెంట్లలో చెప్పండి.