వకుళ: మన కొండ కింది పేరు, మన ఇళ్ళల్లో ఎందుకు తక్కువ?

నమస్కారం అండీ. ఈ రోజు ఒకే ఒక్క పేరు గురించి మాట్లాడుకుందాం. ఆ పేరు వకుళ.

చిత్తూరు నుంచి ఒక చెల్లెమ్మ మన ఛానెల్‌కి మెసేజ్ పెట్టింది. వాళ్ళింట్లో పాప పుట్టింది. రోహిణి నక్షత్రం, రెండో పాదం, 'వ' అక్షరంతో పేరు పెట్టమని అయ్యవారు చెప్పారు. ఆ మాట వినగానే వాళ్ళ అవ్వ 'వకుళ' అనిందంట. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. ముసలామె పేరు మాదిరి ఉంది, క్లాసులో ఇంకెవరికీ ఉండదు, పిల్లను ఏడిపిస్తారు అన్నారు. "అన్నా, అసలు ఈ పేరుకి అర్థం ఏంది, ఎక్కడినుంచి వచ్చింది, పెట్టొచ్చా" అని ఆ అమ్మాయి అడిగింది.

పెట్టొచ్చమ్మా. నన్నడిగితే అవ్వ మాటే వినండి అంటాను. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను.

ముందు అర్థం. వకుళ అంటే పొగడ చెట్టు, పొగడ పువ్వు. సంస్కృతంలో వకుళ అనీ, బకుళ అనీ రెండు రకాలుగా అంటారు. సపోటా, ఇప్ప ఉన్నాయి చూడండి, వాటి కుటుంబమే ఇది. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, దట్టమైన నీడ ఇస్తుంది. పువ్వు చాలా చిన్నది, మీగడ రంగులో నక్షత్రంలా ఉంటుంది. రాత్రి పూట విచ్చుకుని తెల్లారేసరికి నేలంతా రాలి ఉంటుంది. కొమ్మ మీద కోయాల్సిన పని లేదు, కింద ఏరుకోవడమే. పువ్వు మధ్యలో చిన్న బెజ్జం ఉంటుంది కాబట్టి సూదితో పని లేకుండా దారానికి గుచ్చుకుంటూ పోవచ్చు. ఇక దాని వాసన సంగతి. మల్లెపూలు ఒక పూటకే వాడిపోయి వాసన తగ్గుతాయి. పొగడపూలు ఎండిపోయి గోధుమరంగుకి మారినాక కూడా వాసన వదలవు. పాతకాలంలో బట్టల పెట్టెల్లో వేసి పెట్టుకునేవాళ్ళు. బెరడుని పళ్ళకీ చిగుళ్ళకీ మంచిదని ఆయుర్వేదంలో వాడతారు.

తెలుగువాళ్ళం పూల పేర్లు పిల్లలకి బాగానే పెట్టుకుంటాం. మల్లిక, చంపక, మందార, జాజి, కమల. కానీ పొగడ అని పేరున్న ఆడపిల్లను నేనెక్కడా చూడలేదు. దీనికి ఒక కారణం ఉందని నాకనిపిస్తుంది. పాత తెలుగులో 'పొగడదండ' అంటే పూలమాల మాత్రమే కాదు. అప్పు కట్టనివాళ్ళకి, శిస్తు చెల్లించనివాళ్ళకి మెడలో వేసి నడివీధిలో నిలబెట్టే శిక్ష పేరు కూడా అదే. శ్రీనాథ మహాకవి చివరి రోజుల్లో ఈ శిక్ష అనుభవించాడని ఆయన చాటు పద్యం చెబుతోంది. అంతటి కవి మెడకి పడిన ఆ మాటని ఏ తల్లి మాత్రం పిల్లకి పెట్టుకుంటుంది? సంస్కృతం మాట వకుళకి ఆ మరక అంటలేదు. పువ్వు అదే, పేరు మాత్రం హాయిగా మిగిలింది.

ఇప్పుడు మన తిరుమల కొండ దగ్గరికి వద్దాం. ఈ పేరుకి అసలైన బలం ఇక్కడే ఉంది.

వేంకటాచల మాహాత్మ్య కథల్లో శ్రీనివాసుణ్ణి సాకిన పెంపుడు తల్లి పేరు వకుళ. ఆమె పూర్తి పేరు వకుళమాలిక, అంటే పొగడపూల దండ. ద్వాపర యుగంలో ఆమె యశోద. కృష్ణుణ్ణి పెంచింది, వెన్న తినిపించింది, రోలుకి కట్టింది. కానీ ఆయన పెళ్ళి ఒక్కటీ కళ్ళారా చూడలేకపోయింది. బిడ్డ మథురకి వెళ్ళిపోయాడు, ఎనిమిదిమందిని చేసుకున్నాడు, ఆమె మాత్రం రేపల్లెలోనే ఉండిపోయింది. నీ పెళ్ళి చూడలేదు నాయనా అని బాధపడితే, కలియుగంలో నీ చేతుల మీదుగా చేసుకుంటానని ఆయన మాట ఇచ్చాడు. ఆమే వకుళగా వచ్చి వరాహస్వామి సేవలో ఉంది.

శ్రీనివాసుడు భూమికి దిగి పుట్టలో ఉన్నప్పుడు గొల్లవాడి గొడ్డలి దెబ్బ తలకి తగిలింది. మేడిపాలు, జిల్లేడు దూది పెట్టి గాయానికి మందు వేసుకోమని బృహస్పతి చెప్పాడు. ఆ గాయంతో తిరుగుతూ స్వామి వరాహస్వామి దగ్గరికి వచ్చి ఉండటానికి చోటు అడిగాడు. వరాహస్వామి చోటిచ్చాడు, వంట చేసి పెట్టడానికి వకుళనీ ఇచ్చాడు. ఇప్పటికీ తిరుమలలో ముందు వరాహస్వామిని దర్శించుకుని తర్వాత వెంకన్న దగ్గరికి వెళ్ళడం ఆచారం. ఆ చోటు ఇచ్చినందుకే. మరి అన్నం పెట్టినామె సంగతి? ఆలయ ప్రాకారంలో, స్వామికి ప్రసాదాలు వండే పోటు దగ్గర వకుళమాత సన్నిధి ఉంది. దర్శనం అయిపోయి లడ్డూ కౌంటర్ ధ్యాసలో పడిపోయి మనలో చాలామంది ఆ పక్కకి తల తిప్పం.

తర్వాతి కథ మీకు తెలిసిందే. వేటకి వెళ్ళి పద్మావతిని చూసి, రాళ్ళ దెబ్బలు తిని వచ్చి, అన్నం ముట్టకుండా స్వామి ముసుగుతన్ని పడుకున్నాడు. ఏమైంది నాయనా అని అడిగింది వకుళమ్మ. విషయం విని, సంబంధం మాట్లాడటానికి తానే నారాయణవనం బయలుదేరింది. కొండ దిగి, కపిలతీర్థం దాటి, ఒక ఆడమనిషి ఒంటరిగా రాజు ఇంటికి పిల్లనడగడానికి పోయింది. చేతిలో చిల్లిగవ్వ లేని వరుడి తరఫున! ఆ పెళ్ళి కోసం తర్వాత కుబేరుడి దగ్గర అప్పు చేయాల్సి వచ్చిందన్న సంగతి మనందరికీ ఎరుకే.

అక్కడ నారాయణవనంలో జరిగిన ఒక మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఆకాశరాజు భార్య ధరణీదేవి, పెళ్ళికూతురి తల్లి కాబట్టి, ఏ తల్లి అయినా అడిగేవే అడిగింది. అబ్బాయి గోత్రమేంటి, నక్షత్రమేంటి, తల్లిదండ్రులెవరు? వకుళ చెప్పింది: వసిష్ఠ గోత్రం, శ్రవణా నక్షత్రం, తండ్రి వసుదేవుడు, తల్లి దేవకి.

తల్లి దేవకి అని చెప్పింది చూడండి. గొడ్డలి గాయంతో వచ్చినవాణ్ణి సాకింది తాను. వండి పెట్టింది తాను. పోయిన జన్మలో పాలిచ్చి పెంచిందీ తానే. ఆ పెళ్ళి చూడటానికే మళ్ళీ పుట్టింది. అయినా అడిగిన చోట కన్నతల్లి పేరే చెప్పింది. నా బిడ్డ అనే మాట ఒక్కసారి వాడుకున్నా ఎవరూ కాదనేవాళ్ళు కాదు. వాడుకోలేదు.

మన ఊళ్ళల్లో పెంచిన అమ్మలు ఎందరో ఉన్నారు. అక్క చనిపోతే అక్క బిడ్డల్ని సాకిన చిన్నమ్మలు, కూతురు బెంగుళూరులో ఉద్యోగానికి పోతే మనవళ్ళను చూసుకుంటున్న అవ్వలు, దత్తత తెచ్చుకున్న తల్లులు. వాళ్ళందరి తరఫునా పురాణంలో ఒక పేరు ఉందంటే అది ఇదే. అందుకే చెల్లెమ్మా, ముసలామె పేరు అని మీవాళ్ళు అన్నందుకు నాకు కష్టం వేసింది. కథలో ఆమె మొదటి నుంచి పెద్ద వయసులోనే కనిపిస్తుంది కాబట్టి మనకి అట్లా అనిపిస్తుంది, అంతే.

సినిమా కూడా ఆ బొమ్మనే గట్టిపరిచింది. 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యంలో ఎన్టీ రామారావు గారు శ్రీనివాసుడు, శాంతకుమారి గారు వకుళమాత. ఇంకో సంగతి వినండి. అదే కథను అదే దర్శకుడు, పి. పుల్లయ్య గారు 1939లో ఒకసారి తీశారు. అప్పుడు పద్మావతిగా వేసింది కూడా శాంతకుమారి గారే. ఇరవై ఏళ్ళకి పైగా గడిచాక పెళ్ళికూతురు పెంచినతల్లి అయింది. తెలుగువాళ్ళకి వకుళ అనగానే ఇప్పటికీ ఆమె ముఖమే గుర్తుకొస్తుంది. మంచి ముఖమే, కానీ తల నెరిసిన ముఖం. ఊయలలో పాపకి ఆ పేరు పెట్టాలంటే మనసు వెనక్కి లాగుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. తిరుపతి చుట్టుపక్కల ఆడపిల్లల పేర్లు తీసుకోండి. పద్మావతి, అలివేలు, వెంకటమ్మ, లక్ష్మి, గంగమ్మ, మునెమ్మ. ఇవన్నీ గుడి ఉన్న పేర్లు, జాతర ఉన్న పేర్లు, మొక్కు ఉన్న పేర్లు. గంగజాతరలో మొక్కుకుంటాం, బిడ్డకి గంగమ్మ అని పెట్టుకుంటాం. తిరుచానూరులో మొక్కుకుంటాం, పద్మ అని పెట్టుకుంటాం. వకుళమ్మకి మొక్కుకునే చోటు ఏది? తిరుపతి పక్కనే పేరూరు బండ మీద ఆమె గుడి ఎన్నో ఏళ్ళు పాడుబడి ఉండింది. చుట్టూ కంకర కోసం, మట్టి కోసం కొండను తవ్వేస్తుంటే గుడి ఒక్కటి మధ్యలో నిలబడి ఉండింది. తిరుపతి వాళ్ళకి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఆ గుడిని మళ్ళీ కట్టి 2022 జూన్‌లో మహాసంప్రోక్షణ చేశారు. 2024లో తిరుమలలో ప్రారంభమైన పెద్ద వంటశాలకి కూడా వకుళమాత పేరే పెట్టారు. చాలా సరైన పేరు. గుడిలో దీపం వెలిగితే ఆ పేరు ఇళ్ళల్లోకి కూడా మెల్లగా వస్తుంది, నాకు ఆ నమ్మకం ఉంది.

మన దగ్గర అరుదు అన్నాను గానీ వేరేచోట్ల అట్లా కాదు. బకుళ, బకుల్ అని మహారాష్ట్రలో, గుజరాత్‌లో, బెంగాల్‌లో పెట్టుకుంటారు. మనకీ ఇంటిపేరుగా 'వకుళాభరణం' ఉంది. అది ఎక్కడిదంటే, తమిళంలో విష్ణువు మీద పాటలు పాడిన భక్తకవి నమ్మాళ్వారు నుంచి. ఆయన మెడలో ఎప్పుడూ పొగడమాల ఉంటుంది కాబట్టి వకుళాభరణుడు అనే పేరు వచ్చింది. తిరువేంగడం, అంటే మన తిరుమల మీద మనసు కరిగేట్టు పాడిన ఆళ్వారు ఆయన. కర్ణాటక సంగీతంలో 14వ మేళకర్త రాగం పేరు కూడా వకుళాభరణమే.

ఇంకాస్త దూరం పోతే బౌద్ధంలో బక్కుల థేరుడు కనిపిస్తాడు. థేరుడు అంటే పెద్ద భిక్షువు. సంస్కృతంలో బకుల అంటారు. ఆయన కథ వింటే మీరూ ఆశ్చర్యపోతారు. కౌశాంబిలో పసిబిడ్డగా ఉన్నప్పుడు యమునలో స్నానం చేయిస్తుంటే ఒక చేప మింగేసింది. ఆ చేప వారణాసిలో వలలో పడింది. దాన్ని కొన్న ఇంట్లో పిల్లల్లేరు, కడుపు కోస్తే బిడ్డ బతికే ఉన్నాడు. వాళ్ళు పెంచుకున్నారు. కన్నతల్లికి తెలిసి నా బిడ్డ అని వచ్చింది. గొడవ రాజు దాకా పోయింది. ఇద్దరూ తల్లులే, ఇద్దరికీ బిడ్డే అని రాజు తీర్పు చెప్పాడు. రెండు కులాల, అంటే రెండు ఇళ్ళ బిడ్డ కాబట్టి ఆ పేరు వచ్చిందని పాళీ వ్యాఖ్యానాలు చెబుతాయి. అంటే అక్కడ అర్థం పువ్వు కాదు, వేరే దారి. కానీ ఆ పేరున్న చోట మళ్ళీ ఒక పెంచినతల్లి ఉండటం చూస్తే నాకు ఒళ్ళు పులకరించింది. లదాఖ్‌లో లేహ్ విమానాశ్రయం పేరు కుశోక్ బకుల రింపోచె విమానాశ్రయం. ఆ బకుల ఈ థేరుడి పేరే. ఆయన అవతార పరంపరలో వచ్చిన లామా పేరు అది.

ఇక చెల్లెమ్మకి చెప్పాల్సిన పని సంగతులు. రోహిణి రెండో పాదానికి 'వ' సరిపోతుంది. రోహిణి కృష్ణుడి జన్మ నక్షత్రం కూడా, అవ్వకి ఆ మాట చెప్పండి, సంతోషపడుతుంది. పేరు పెద్దగా కావాలంటే వకుళమాలిక, లేకపోతే ఉట్టి వకుళ చాలు. ముందు 'శ్రీ' చేర్చి శ్రీవకుళ అన్నా బాగుంటుంది. ముద్దుగా పిలవడానికి మీ ఇంట్లోవాళ్ళే ఏదో ఒకటి పుట్టిస్తారు, దానికి నా సలహా అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. తెలుగులో చివరి అక్షరం 'ళ'. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఎల్ అని పడుతుంది, దాన్ని చూసి మళ్ళీ తెలుగులో రాసేవాళ్ళు 'వకుల' అని రాసేస్తారు. ఆసుపత్రి కాగితంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, స్కూల్లో ఒకటి అయితే తర్వాత తిరగలేక టెన్షన్ పడాలి. పేరు లేకుండా జననం నమోదై ఉంటే 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. కాబట్టి తొందరపడకండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ వీడియో చూపించి, ఒప్పించి, సర్టిఫికెట్‌లో 'వకుళ' అని సరిగ్గా రాయించండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కటే ఖాయం చేసుకుని అన్ని కాగితాల్లోనూ అదే వాడండి.