చంటిబిడ్డ టీబీ: వల ఖాళీగా వస్తే చేపల్లేనట్టేనా?

"రిపోర్టు నెగెటివ్ వచ్చింది, టీబీ కాదు." ఏడాది నిండని బిడ్డ విషయంలో ఈ మాట వింటే నాకు గుండె జారిపోతుంది. మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఎవరినైనా అడగండి. వల ఖాళీగా వచ్చిందని సముద్రంలో చేపల్లేవంటారా? ఎక్కడ వేశావు, ఎప్పుడు వేశావు, వల కన్ను ఎంత అంటారు. మనమూ ఆ మూడే అడగాలి.

ఎక్కడంటే, పొట్టలో. చంటిబిడ్డ కళ్లె ఉమ్మలేదు, మింగేస్తుంది. రాత్రంతా మింగింది పొట్టలో చేరుతుంది.

ఎప్పుడంటే, చీకటితోనే. పాలు పట్టి కనీసం నాలుగు గంటలవ్వాలి. బిడ్డను పక్క మీంచి ఎత్తకముందే ముక్కులోంచి ట్యూబ్ వేసి 5 నుంచి 10 మి.లీ. తియ్యాలి. లేచి కదిలితే, పాలు తాగితే, ఆ వేట పోయినట్టే. సరిపడా రాకపోతే 5 నుంచి 10 మి.లీ. సెలైన్ ఎక్కించి మళ్లీ లాగండి. రెండు రోజులు వరసగా.

పట్టిన చేపను ఐస్‌లో వెయ్యకపోతే ఏమవుతుంది? ఇక్కడా అంతే. పొట్టలోని ఆమ్లం క్రిములను చంపేస్తుంది, కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిములను పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగదు. ల్యాబ్‌కి చేరడం ఆలస్యమయ్యేలా ఉంటే శాంపిల్ ఎంతుందో అంతే, ఆమ్లాన్ని విరిచే సోడియం బైకార్బొనేట్ ద్రావణం వెంటనే కలపాలి. ఎక్కువగా తప్పిపోయేది ఈ పనే.

ఇక వల కన్ను. మైక్రోస్కోప్‌లో కనబడాలంటే మి.లీ.కి 5,000 పైగా క్రిములుండాలి. చంటిపిల్లల్లో అన్ని ఉండవు. సీబీనాట్ అంటే క్రిమి జన్యువును మెషీన్‌లో వెతికే పరీక్ష. దాని కన్ను చాలా చిన్నది, మి.లీ.కి వందకు కాస్త పైనున్నా పడుతుంది. ట్యూబ్ వెయ్యలేకపోతే మలం పంపినా సీబీనాట్ చేస్తారు. కానీ ఏ వలకైనా కొన్ని చేపలు తప్పించుకుంటాయి.

రక్తంలో టీబీ యాంటీబాడీ పరీక్షలు మాత్రం వద్దు. వాటిని మన దేశం 2012లోనే నిషేధించింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. మాంటూలో, అంటే చర్మంలోకి సూది వేసి చూసే టీబీ పరీక్షలో, ఎరుపు కాదు, గట్టిదనం కొలవండి: 48 నుంచి 72 గంటల్లో 10 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువుంటే పాజిటివ్. నెగెటివైనా టీబీ లేదనకండి. ఛాతీ ఎక్స్‌రేలో థైమస్ (చంటిపిల్లల ఛాతీలో మామూలుగానే ఉండే గ్రంథి) నీడను టీబీ గడ్డలనుకోకండి, పక్క నుంచి కూడా తీయించండి. బరువు పెరగకపోవడం గమనించండి. బిడ్డ మత్తుగా ఉండి వాంతులవుతుంటే మెదడు పొర టీబీ కావచ్చు, రిపోర్టు కోసం ఆగకండి.

ఇంట్లో దగ్గుతున్న అమ్మ, నాయనమ్మ, ఎవరైనా సరే, వాళ్ల కళ్లె అదే రోజు సీబీనాట్‌కి పంపండి. బిడ్డ దగ్గర దొరకని చేప అక్కడ దొరకవచ్చు. ఆ క్రిమి టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగే రకమో కాదో ఆ రిపోర్టులోనే ఉంటుంది, బిడ్డ మందులూ దాన్ని బట్టే.