కదలకుండా నిలబడిన గుర్రం కులాసాగా ఉన్నట్టేనా?

వ్యాఖ్యాత: నమస్కారం, ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. వాహనంలో తరలించేటప్పుడు గుర్రం మనసు ఎలా ఉందో కనిపెట్టడం ఈ రోజు విషయం. మీ సందేహాలు తీర్చడానికి పశువైద్యురాలు స్టూడియోకు వచ్చారు. మొదటి ఫోను సిద్ధంగా ఉంది. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మాకొక ఆడగుర్రం ఉంది. వాహనం ఎక్కడానికి ఏ పేచీ పెట్టదు. దారి పొడవునా కదలకుండా నిలబడుతుంది. దిగాక మాత్రం మేత ముట్టదు. అలసట అనుకోవాలా?

డాక్టర్: ఎంతసేపు ముట్టదు?

శ్రోత: సాయంత్రం దింపితే తెల్లవారేదాకా అంతంత మాత్రమేనండీ.

డాక్టర్: దారిలో గడ్డి అందుబాటులో ఉంచుతున్నారా?

శ్రోత: వలలో కట్టి వేలాడదీస్తాం. కట్టింది కట్టినట్టే తిరిగొస్తుంది.

డాక్టర్: అయితే అలసట ఒక్కటే కాదండీ. భయం వేస్తే పరుగెత్తి ప్రాణం దక్కించుకునే జంతువు అది. పరుగెత్తే దారి మూసేస్తే కొన్ని గుర్రాలు గింజుకుంటాయి, కొన్ని బిగుసుకుపోతాయి. గింజుకునేదాన్ని పొగరుబోతు అని తిడతాం, బిగుసుకుపోయినదాన్ని బుద్ధిమంతురాలని మెచ్చుకుంటాం. నాకు ఎక్కువ దిగులు ఆ రెండోదాని గురించే, ఎందుకంటే దాని బాధ ఎవరి కంటా పడదు.

శ్రోత: మరి ప్రశాంతంగా ఉందో, బిగుసుకుపోయిందో తెలిసేదెలా?

డాక్టర్: ముఖం చూడండి. కుదురుగా ఉన్న గుర్రం చెవులు చప్పుడు ఎటు వస్తే అటు మళ్లుతుంటాయి, కింది పెదవి వదులుగా ఉంటుంది. హడలిపోయినదానికి చెవులు ఒకేచోట నిలిచిపోతాయి. కంటిపైన ముడత తేలుతుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, దవడ కండ చేతికి గట్టిగా తగులుతుంది. కదులుతున్న వాహనంలో దాని పక్కకు వెళ్లకండి, ప్రమాదం. చిన్న కెమెరా పెట్టుకుంటే చాలు.

వ్యాఖ్యాత: ముఖానికి మార్కులు వేసే పద్ధతి ఉందని విన్నాను.

డాక్టర్: ఉందండీ, ఆరు గుర్తులతో 2014లో వచ్చింది. కానీ అది నొప్పిని అంచనా వేయడానికి తయారుచేసింది. ఆ మార్కులు చూసి ఇంత భయం ఉందని తేల్చేస్తే తప్పవుతుంది.

శ్రోత: నాడి చూస్తే తెలుస్తుందా?

డాక్టర్: కొంతవరకు. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దవడ ఎముక కింది అంచున వేళ్లు ఆనించి, తగిలిన నాడిని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. ముందు లాయంలో కొన్ని రోజులు చూసి రాసిపెట్టుకోండి. పక్కింటి గుర్రంతో పోల్చవద్దు, దాని లెక్క దానిదే. ఎక్కించేటప్పుడు, బయల్దేరిన కొత్తలో వేగం పెరగడం మామూలే. పోనుపోను తగ్గాలి. మజిలీలో ఆపి చూసినప్పుడు కూడా దిగిరాలేదంటే ప్రయాణం దానికి సరిపడటం లేదన్నమాట. అయితే కుదుపులకు పడిపోకుండా నిలదొక్కుకునే శ్రమకు కూడా గుండె వేగం పెరుగుతుంది. అందుకే ముఖం, మేత, నాడి మూడూ కలిపి చూడాలి. మీ గుర్రం విషయంలో మేత ముందే చెప్పేసింది. ఆగి ఉన్న వాహనంలోకి రోజూ ఎక్కించి, అక్కడే మేత పెట్టి దించేయండి. తినడం మొదలయ్యాకే ఇంజిన్ వేయండి, ఆ తర్వాతే దగ్గరి దూరాలు.

వ్యాఖ్యాత: రెండో శ్రోత లైన్లో ఉన్నారు.

రెండో శ్రోత: మాది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒంటరిగా తీసుకెళ్తే గిట్టతో నేల గీరుతుంది, ఒకటే సకిలింపు. అద్దం పెట్టమని ఒకరన్నారు. నవ్వొచ్చింది.

డాక్టర్: నవ్వకండి, పరీక్షించి చూసిన సంగతే. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో గుర్రాలను ఒంటరిగా, అద్దంతో, తోడు గుర్రంతో తరలించి చూశారు. తోడు ఉంటే అన్నిటికన్నా మేలు. అద్దం కూడా ఒంటరితనం కంటే నయమే. పగలని రకం చూసి, గట్టిగా బిగించండి.

రెండో శ్రోత: మత్తుమందు ఇస్తే పోదా?

డాక్టర్: భయం పోదు, పైకి కనిపించడం పోతుంది. పైగా కాళ్లు తూలతాయి. గుర్రాన్ని స్వయంగా పరీక్షించిన వైద్యులు చెబితే తప్ప ఆ ఆలోచన వద్దు.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోను. పెద్దాయన చాలాసేపటి నుంచి వేచి ఉన్నారు.

మూడో శ్రోత: అమ్మా, మా గుర్రం పక్కదాన్ని కొరుకుతుందని తలతాడు పొట్టిగా కడతాం. దూరప్రయాణం చేసొస్తే రెండు రోజులు దిగాలుగా ఉంటుంది. బెంగ పెట్టుకుంటుందంటారా?

డాక్టర్: బెంగ అనుకునే ముందు జ్వరం చూడాలి బాబాయ్ గారూ. గుర్రం తల కిందికి దించితేనే ఊపిరి గొట్టంలోని కఫం, దుమ్ము బయటికి జారతాయి. గంటల తరబడి తల ఎత్తి ఉంచితే అవి లోపలే ఉండిపోయి ఊపిరితిత్తులకు చీము పట్టే ప్రమాదం ఉంది. దగ్గు ఉందా?

మూడో శ్రోత: అప్పుడప్పుడు.

డాక్టర్: తాడు పొడుగు చేసి, మధ్యలో అడ్డగోడ పెట్టించండి. మజిలీల్లో తల దించనివ్వండి. దిగాక మూడు రోజులు ఉదయం, సాయంత్రం జ్వరం చూడండి. 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ రోజే వైద్యుణ్ని పిలవండి.

మూడో శ్రోత: థర్మామీటర్ నోట్లో పెట్టాలా?

డాక్టర్: అయ్యో, కొరికేస్తుంది! తోక పక్కకు తీసి పాయువులో పెట్టాలి. మీరు మాత్రం వెనక నిలబడకండి, తొడను ఆనుకుని పక్కన నిలబడండి.

మూడో శ్రోత: అది తెలుసమ్మా. చిన్నప్పుడే తన్ని నేర్పింది.