మినిట్స్ పుస్తకంలో ఒక మాట

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కాలనీ పఠన మందిరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, మన వార్డు కౌన్సిలరమ్మ గారికి, గ్రంథపాలకులు గారికి, ముందు చాప మీద కూర్చున్న పిల్లలకు, వెనక నిలబడి ఉన్న మా అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. వెనక ఉన్నవాళ్లు దయచేసి లోపలికి రండి. కుర్చీలు లేకపోతే చాప ఉంది.

నాకు ఇచ్చిన అంశం 'గ్రంథాలయాలు, మహిళలు'. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య గారి పట్టుదలతో మొదలైన గ్రంథాలయ ఉద్యమం గురించి, 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టుకుని కాలువ వెంట ఊరూరా తిప్పిన సంగతి గురించి రాశాను. ఆ పడవ రేవులో ఆగితే నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు పుస్తకం తీసుకుని, పడవ తిరిగి వచ్చినప్పుడు ఇచ్చేవాళ్లని మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఇదంతా వివరంగా చెబుదామనుకున్నాను.

కానీ మొన్న సాయంత్రం ఈ పఠన మందిరం వెనక ఖాళీ స్థలంలో టేపు పట్టుకుని నలుగురు కొలతలు తీసుకుంటున్నారు. నేల మీద సున్నం గీతలు గీశారు. పిల్లలు క్రికెట్ ఆడే చోట, సరిగ్గా వికెట్లు పాతే చోట గీత వచ్చింది. ఏమిటని అడిగితే, షాపింగ్ కాంప్లెక్స్ ప్రతిపాదన ఉందమ్మా, వచ్చే కౌన్సిల్‌లో పెడతారు అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకని ఆ నాలుగు పేజీలు పక్కన పెడుతున్నాను. నిర్వాహకులు క్షమించాలి.

మీలో చాలామందికి తెలుసు, నేను 31 ఏళ్లు మున్సిపల్ ఆఫీసుల్లో పనిచేశాను. ఈ ఊళ్లో కాదు, వేరే ఊళ్లో. అందులో ఎక్కువ కాలం కౌన్సిల్ సెక్షన్‌లోనే. అంటే సమావేశం అజెండా తయారుచేయడం, సభ్యుల ఇళ్లకు పంపడం, సమావేశంలో ఒక మూల బల్ల దగ్గర కూర్చుని ఏం జరిగిందో రాసుకోవడం, తర్వాత మినిట్స్ పుస్తకంలో శుభ్రంగా ఎక్కించడం. ఆ పుస్తకంలో ఉన్నదే జరిగినట్టు లెక్క. అందులో లేనిది జరగనట్టు లెక్క.

అజెండా ముందుగా సభ్యులకు అందుతుంది. చదువుకుని రావచ్చు. ఇంకొకటి ఉంటుంది, టేబుల్ అజెండా. అది సమావేశం నడుస్తుండగా బల్ల మీదకు వస్తుంది. పైపు పగిలినా, వరద వచ్చినా, జ్వరాలు ప్రబలినా ఆగడానికి వీల్లేని పనులకు అది కావాలి. తప్పు లేదు. కానీ స్థలాల విషయం టేబుల్ అజెండాలో ఎందుకు వస్తుంది? స్థలం ఎక్కడికీ పారిపోదు కదా. వారం ఆగితే ఏం మునిగిపోతుంది?

ఆ ఊళ్లో ఒక చిన్న పార్కు ఉండేది. ఎకరం కూడా లేదు. మధ్యలో రేడియో గది, దాని మీద గంట ఆకారంలో లౌడ్ స్పీకరు. సాయంత్రం వాచ్‌మన్ తాళం తీసి రేడియో పెట్టేవాడు. ప్రాంతీయ వార్తలు, తర్వాత పాటలు. సిమెంటు బెంచీల మీద దాతల పేర్లు, వాళ్ల అమ్మానాన్నల జ్ఞాపకార్థం అని. ఒక పక్క పెంకుటిల్లు లాంటి రీడింగ్ రూం. రెండు బల్లలు, గోడకు తగిలించిన పేపర్లు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు వదిలాక బస్సుకు ఇంకా గంట టైం ఉంటే అక్కడే కూర్చునేదాన్ని. ఒంటరిగా ఒక ఆడపిల్ల గంటసేపు కూర్చుంటే ఎవరూ ఏమీ అనని చోటు, డబ్బు పెట్టి ఏదీ కొనక్కర్లేని చోటు, ఆ ఊరు మొత్తంలో అదొక్కటే. హోటల్లో కూర్చుంటే టీ తాగాలి. బస్టాండ్‌లో కూర్చుంటే చూపులు. గుడి కూడా ఒక వేళకు తలుపులు వేసేస్తారు. నా డిపార్ట్‌మెంటల్ పరీక్షలకు సగం చదువు ఆ రీడింగ్ రూంలోనే చదివాను.

కొన్నేళ్లకు ఒక సమావేశం జరిగింది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది, అందరికీ ఆకలి. చివర్లో టేబుల్ అజెండా వచ్చింది, తొమ్మిదో పదో అంశాలు. అందులో ఒకటి, ఆదాయ వనరుల పెంపు నిమిత్తం పార్కు స్థలంలో దుకాణాల నిర్మాణం. చదివారు. 'ఆమోదమేనా?' అన్నారు. ఎవరో 'ఆమోదం' అన్నారు. ఇంకెవరో కుర్చీ వెనక్కి జరిపి లేచారు. తర్వాతి అంశం చదివారు. అంతే. నేను గడియారం చూడలేదు గానీ ఒక నిమిషం కూడా పట్టి ఉండదు.

మర్నాడు నేను మినిట్స్ రాశాను. మాకు ఒక వాడుక వాక్యం ఉండేది: 'కౌన్సిల్ చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.' ప్రతి అంశం కిందా అదే వాక్యం. అలవాటుగా దాని కిందా అదే రాశాను. 'చర్చించి' అని నా చేత్తో రాశాను. అక్కడ చర్చ జరగలేదు. ఒక్క మాట కూడా ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట రాయకుండా ఉండవచ్చు. 'ఆమోదించడమైనది' అని వదిలేయవచ్చు. పై అధికారి సరిదిద్దితే అప్పుడు ఆయన రాతతో ఉండేది. నేను రాశాను.

తర్వాత ఆ కాలనీవాళ్లు పెద్ద ఆఫీసుకు ఫిర్యాదు చేశారు. విచారణకు వచ్చినాయన మినిట్స్ పుస్తకం తెరిచి చూశారు. 'కౌన్సిల్ చర్చించింది కదమ్మా, ఇంకేముంది' అన్నారు. ఆ పుస్తకం ఆయన ముందు పెట్టింది నేనే. ఆ మాట ఎన్నేళ్లయినా నన్ను వదల్లేదు. పార్కు పోయింది. రేడియో గది పడగొట్టారు. దాతల పేర్లున్న బెంచీలు ట్రాక్టర్‌లో ఎటో వెళ్లాయి. రీడింగ్ రూం పేపర్లు కొన్నాళ్లు ఆఫీసు వరండాలో వేశారు, తర్వాత మానేశారు.

మరి ఆదాయం వచ్చిందా? అదీ చెబుతాను, ఎందుకంటే తర్వాత నన్ను రెవెన్యూ సెక్షన్‌కు మార్చారు. వేలంలో పాడుకున్నవాళ్లు వేరే వాళ్లకు ఎక్కువ అద్దెకు ఇచ్చుకున్నారు. మాకు రావాల్సిన అద్దె బకాయిల రిజిస్టరులో పెరుగుతూ వచ్చింది. నేను పారిశుద్ధ్య కార్మికుల జీతాలకు డబ్బు సరిపోక కమిషనర్లు పడే టెన్షన్ కళ్లారా చూశాను. మున్సిపాలిటీకి డబ్బు అక్కర్లేదని నేననను. కానీ ఆ డబ్బు పిల్లలు ఆడుకునే నేల మీద నుంచి రావాలా?

ఈ స్థలం ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. లేఅవుట్ వేసేటప్పుడు నూటికి పది వంతుల నేల ఖాళీగా వదలాలని నిబంధన. దాన్ని రిజిస్టర్ చేసి మున్సిపాలిటీకి అప్పగించాలి. లేఅవుట్ వేసినాయన దానం చేశాడనుకుంటాం. కాదు. ఆ పది వంతుల ధర మిగతా ప్లాట్ల మీద వేసుకునే మనకు అమ్మాడు. ఇక్కడ ఇల్లు కట్టుకున్న ప్రతి ఇంటివాళ్లూ ఆ నేలకు డబ్బు కట్టారు. ఎల్ఆర్ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లను క్రమబద్ధం చేసుకునే రుసుము, కట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. చూశారా! ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లో ప్లాటు కొన్నందుకు ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టమన్నారు. స్థలం వదలనిచోట మన దగ్గర డబ్బు కట్టించుకున్నారు. స్థలం వదిలినచోట దాని మీద కొట్లు కడతారట. ఇదేం న్యాయం?

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఈ పఠన మందిరం సంగతి కూడా చెప్పాలి. ఇంటికి వెళ్లాక పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. దాన్ని మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు చేస్తారు. జమ చేయడం దగ్గర ఏళ్లకేళ్లు బకాయి. నేను రెవెన్యూలో ఉండగా గ్రంథాలయ సంస్థ నుంచి ఉత్తరాలు వచ్చేవి, ఫైల్లో పెట్టేవాళ్లం. ఈ గదిలో ఫ్యాను తిరగడం లేదంటే, పిల్లలకు పోటీ పరీక్షల పుస్తకాలు పాతవే ఉన్నాయంటే మనం కట్టలేదని కాదు. మనం కట్టాం.

చట్టం మన వైపు లేదనుకోకండి. బెంగళూరు సదాశివనగర్‌లో పార్కుకని ఉంచిన స్థలాన్ని ఒక మెడికల్ ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోమని ఇచ్చారు. కాలనీవాళ్లు కోర్టుకు వెళ్లారు. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన కూడా వచ్చింది. 1991లో సుప్రీంకోర్టు కుదరదంది. పార్కుకని ఉంచిన చోటు అందరిదీ, దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి అధికారులకు హక్కు లేదని తేల్చింది. ఆసుపత్రికే ఇవ్వకూడదని అన్నప్పుడు సెల్‌ఫోన్ కవర్ల కొట్టుకు ఎలా ఇస్తారు?

పార్కులు, ఆట స్థలాలు మున్సిపాలిటీ చూసుకోవాల్సిన పని అని 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలులో రాసి పెట్టారు. మొత్తం 18 పనుల్లో అదొకటి. 3 లక్షల జనాభా దాటిన చోట వార్డు కమిటీలు ఉండాలని కూడా ఆ సవరణే చెప్పింది. మన ఊరు అంత లేదు. కాబట్టి మన కమిటీ మనమే.

కౌన్సిలరమ్మ గారూ, మీతో ఒక మాట. మీరు నా చెల్లెలి వయసు. ఏమీ అనుకోకండి. రాజ్యాంగం ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు అంది, మన రాష్ట్రంలో సగం ఇచ్చారు. నేను చేరినప్పుడు ఆ హాల్లో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. తర్వాత సగం అయ్యారు. అయినా చాలామంది వెనక భర్తో, మరిదో నిలబడి చెవిలో చెప్పేవారు. మీరు అలా కాదని నాకు తెలుసు. పోయిన వానాకాలం మోకాలు లోతు నీళ్లలో మీరే స్వయంగా వచ్చి కాలువ పూడిక తీయించారు. ఈ అంశం సమావేశంలో వస్తే, అందులోనూ టేబుల్ అజెండాగా వస్తే, మీరు లేచి నిలబడండి. 'దీన్ని వాయిదా వేయండి, మా వార్డు వాళ్లను అడిగి చెబుతాను' అనండి. వినకపోతే మీ అసమ్మతి కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆ మూల బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగి చేతికి ఇవ్వండి. మినిట్స్‌లో ఎక్కించమని అడగండి. ఆ అమ్మాయో అబ్బాయో మీ కాగితం కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. నాకు ఆ రోజు ఎవరూ ఇవ్వలేదు.

అందరికీ ఒక విన్నపం. సమావేశం రోజున మనలో పదిమందిమైనా ఆఫీసుకు వెళ్దాం. గొడవ చేయొద్దు, నినాదాలు వద్దు. అక్కడ ఉన్నామని కనిపిస్తే చాలు. తర్వాత తీర్మానం నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. 30 రోజుల్లో ఇవ్వాలి. దానికి దరఖాస్తు నేను రాసి తెచ్చాను. స్థలం కొలతలు, లేఅవుట్ నకలు, స్థలాన్ని మున్సిపాలిటీకి అప్పగించిన గిఫ్ట్ డీడ్ అడుగుతూ ఇంకో దరఖాస్తు కూడా తెచ్చాను. పిల్లలూ, మీరు సంతకాలు పెట్టక్కర్లేదు. మీరు రేపు సాయంత్రం మామూలుగా వచ్చి ఆడుకోండి. సున్నం గీతల మీదే ఆడుకోండి.

కాగితాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. పెన్ను కూడా అక్కడే పెట్టాను. ఇప్పుడు గ్రంథపాలకులు గారు బహుమతులు ఇస్తారు. సెలవు.